మా బావ మగ్గుల మూట

మా బావ దేవకుమార్ ఏ వస్తువునీ పారేయడు. ఈ సంగతి పోర్ట్‌బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లో ఎవరినడిగినా చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. మా అక్క లీదియా అయితే నిద్రలో కూడా చెబుతుంది.

చాథం నుంచి బాంబూఫ్లాట్ వెళ్ళే ఫెర్రీ మీద లస్కరు ఉద్యోగం ఆయనది. ఈ ఒడ్డున తాడు విప్పాలి, ఆ ఒడ్డున కట్టాలి, మళ్ళీ విప్పాలి. డ్యూటీకి ఖాళీ చేతులతో వెళ్తాడు, వచ్చేటప్పుడు మాత్రం చంకలో ఏదో ఒకటి ఉంటుంది. తెగిన తాడు ముక్క, మూత లేని జెర్రీకేన్, ఎవరో జెట్టీ మీద వదిలేసిన ఒంటి చెప్పు. "ఒంటి చెప్పెందుకు బావా?" అని అడిగితే, "రెండోది దొరికితే అప్పుడేటి చేస్తావు?" అని నన్నే నిలదీస్తాడు. ఈ మనిషితో వాదించి గెలిచినవాళ్ళు మా అండమాన్ దీవుల్లో లేరు. నేను చాలాసార్లు ప్రయత్నించాను. తలనొప్పి వచ్చింది.

నేను ఆయన మరదల్ని, పేరు నాన్సీ. వాళ్ళ ఇంటి పక్కనే నా టైలరింగ్ షాపు. ఆయన గురించి చెప్పే హక్కు నాకు పూర్తిగా ఉంది, ఎందుకంటే నా షాపు వెనక గదిలో నేను పెట్టుకోవాల్సిన ఇస్త్రీ బల్ల చోట ఆయన తెచ్చిన ఓడ కిటికీ తలుపులున్నాయి. ఓడ లేదు, కిటికీలు లేవు, తలుపులు మాత్రం ఉన్నాయి.

పుట్టుకతో ఆయన ఇలాంటివాడు కాదు. సునామీకి ముందు మేమందరం సిప్పీఘాట్‌లో ఉండేవాళ్ళం. నాకింకా పెళ్ళి కాలేదు, అక్క ఇంట్లోనే ఉండేదాన్ని. అప్పుడా ఇల్లు ఎంత శుభ్రంగా ఉండేదంటే, నేను జడలో రిబ్బను విప్పి ఎక్కడైనా పెడితే బావే తీసి మడతపెట్టేవాడు.

క్రిస్మస్ మర్నాడు, ఆదివారం తెల్లవారుతుండగా భూమి ఊగింది. అందరం రోడ్డు మీదికి పరుగెత్తాం. ఊగడం ఆగాక తిరిగొచ్చి, నేనూ అక్కా ఇల్లు సర్దుతున్నాం. బావ వరండాలో స్టూలెక్కి, పక్కకి ఒరిగిపోయిన క్రిస్మస్ స్టారుని సరిచేస్తున్నాడు. అంతలో క్రీకులో ఉండాల్సిన నీళ్ళు పొలాల మీదుగా మా ఇంటి వైపు రావడం కనిపించింది. బావ నాలుగేళ్ళ కూతురు చిన్నీని ఒక చేత్తో ఎత్తుకుని కొండవైపు పరుగుతీశాడు. వెనకాల మేము. పైకెక్కి ఊపిరి తీసుకున్నాక చూసుకుంటే, ఆయన రెండో చేతిలో కాగితం స్టారు అలాగే ఉంది. అక్క చేతిలో తలగడ. నా చేతిలో దువ్వెన. మొత్తం సంసారంలో మేము కాపాడుకున్న ఆస్తి అదీ. వచ్చిన నీళ్ళు వెనక్కి పోలేదు. ఆ ఇల్లున్న చోట ఇప్పటికీ నీళ్ళే.

మమ్మల్ని ఒక స్కూల్లో క్యాంపులో పెట్టారు. మర్నాడు నీళ్ళ ట్యాంకరు వచ్చింది. జనమంతా బిందెలూ సీసాలూ పట్టుకుని ఎగబడ్డారు. మా దగ్గర స్టారుంది. చిన్నీకి జ్వరం, "నీళ్ళు నాన్నా, నీళ్ళు" అని ఒకటే ఏడుపు. ఆ తోపులాటలోకి పిల్లని తీసుకెళ్ళలేక బావ ఒక్కడే వెళ్ళి దోసిలి పట్టాడు. అంతమంది మధ్యలోంచి బయటపడేసరికి చేతుల్లో తడి తప్ప ఏమీ మిగల్లేదు. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ అంతే. అది చూసి కాళమ్మ అనే ఒక ముసలమ్మ తన ఆకుపచ్చ ప్లాస్టిక్ మగ్గు ఆయన చేతిలో పెట్టింది. "ఉంచీసుకో నాయనా, నాకు గిన్నుందిలే" అంది. చిన్నీ ఆ మగ్గు నిండా తాగి నిద్రపోయింది. బావ గోడకి ఆనుకుని, ఖాళీ మగ్గు ఒళ్ళో పెట్టుకుని, వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు చూశాక నాకు ఆయన మీద కోపం వచ్చినా ఎక్కువసేపు నిలవదు. నిలిస్తే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

ఆ రోజు నుంచి మొదలైంది. మెయిన్‌ల్యాండ్ నుంచి సాయం మూటలు దిగాయి. దయగల వాళ్ళెవరో ఉన్ని స్వెటర్లు, మఫ్లర్లు, కోతిటోపీలు పంపారు. మా అండమాన్‌లో చలి అంటే వాన పడ్డాక ఫ్యాను ఒక నంబరు తగ్గించుకోవడం. ఒక్కరూ ముట్టుకోలేదు. బావ మూటలకి మూటలు తెచ్చుకున్నాడు. "రేపు ఎవరికైనా కావాలంటే?" అన్నాడు. తరవాత మిడిల్ పాయింట్‌లో ఈ ఇల్లు దొరికింది. ముందు గది, పడక గది, వంటగది. ముందు గది బావ సామానుకి, పడక గది బావ సామానుకి, వంటగదిలో అక్క. మగ్గుల సంగతి వేరే చెప్పాలి. ఎక్కడ మగ్గు కనిపించినా ఆయన కాలు కదలదు. పిడి విరిగినవి, అడుగు చిల్లుపడినవి, పెళ్ళిళ్ళలో పంచినవి, అన్నీ ఒక పెద్ద గోనెసంచిలో మంచం కింద ఉండేవి. ఆ సంచి జోలికి మాత్రం అక్క కూడా వెళ్ళేది కాదు.

చిన్నీ పెరిగి పెద్దదై మాయాబందర్‌లో ప్రదీప్‌ని పెళ్ళి చేసుకుంది. కడుపుతో ఉందని తెలిసినప్పటి నుంచి మా అక్కకి ఒకటే ధ్యాస. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. అది మా వాళ్ళ ఆచారం, మా అక్కకి అంతకంటే ఎక్కువ. పెళ్ళైన దగ్గర్నుంచి పిల్ల ఇంటికి వస్తే పడుకోబెట్టడానికి చోటు లేక నా ఇంటికి పంపేది పాపం. ఈసారైనా తన ఇంట్లో, తన పక్కన ఉంచుకోవాలని దాని ఆశ.

ఆరో నెలలో చిన్నీని స్కానింగ్‌కి పోర్ట్‌బ్లెయిర్ తీసుకొచ్చింది వాళ్ళత్తగారు అచ్చమ్మ. మాయాబందర్ స్త్రీల సమాజానికి ఆవిడే ప్రెసిడెంటు. భారీ మనిషి, భారీ గొంతు. వచ్చీ రాగానే ముందు గదిలో దుప్పటి కప్పిన సోఫా మీద కూర్చుంది. అది సోఫా కాదు. స్వెటర్ల మూటలు.

"ఏటిది వదినగారూ, సోఫా కిందికెళ్ళిపోతంది?" అంది ఆవిడ, నెమ్మదిగా మునిగిపోతూ.

నేనూ అక్కా చెరో చెయ్యీ పట్టుకుని లాగాం. బావ వృత్తి ధర్మంగా తాడు పట్టుకొచ్చాడు. ఆఖరికి ఆవిడ బయటపడింది గాని, మూట పిగిలి వెనకాల జెర్రీకేన్లు దొర్లాయి. వాటి వెనక ఓడ గంట ఒకటి పడి గణగణమంది. అచ్చమ్మగారి ముడికి ఒక కోతిటోపీ చిక్కుకుని వేలాడుతోంది. ఆ సమయంలో నవ్వకూడదు. నేను నవ్వాను.

అచ్చమ్మగారు టోపీ పీకి, చుట్టూ చూసి, నిదానంగా అంది. "ఏటీ అనుకోకండి వదినగారూ. ఈ ఇంట్లో పసిగుడ్డుని పడుకోబెడితే మళ్ళీ ఎప్పటికి దొరుకుతాదో ఎవులూ చెప్పలేరు. కాన్పు మా ఇంట్లోనే అయిపోనీండి."

అక్క ముఖం వాడిపోయింది. చిన్నీ వాళ్ళమ్మ కొంగు పట్టుకుని నిలబడింది. అది చూసి అచ్చమ్మగారికే జాలేసినట్టుంది. "కోత పండక్కి మీ చర్చికొస్తాను. అప్పుడికి మంచమూ ఉయ్యాలా పట్టే చోటు చూపించీండి. పిల్లని ఇక్కడే దింపీసి ఎల్తాను" అని గడువిచ్చింది.

"దానికేటి, మొత్తం ఖాళీ చేసీద్దుం" అన్నాడు బావ. మాటివ్వడంలో ఆయనంత ఉదారుడు లేడు.

మొదట పాత సామాన్లు కొనే జోగుల్ని పిలిచాం. అక్క దగ్గరుండి జెర్రీకేన్లూ ఓడ గంటా బండికెక్కించింది. సందు తిరిగేసరికి బావ డ్యూటీ దిగి ఎదురొచ్చాడట. ఇద్దరూ టీ తాగారు. జోగులుది శ్రీకాకుళం, బావ తాతలదీ శ్రీకాకుళమే, కబుర్లు కలిశాయి. సాయంత్రం జోగులు బండి మళ్ళీ మా గుమ్మం ముందు ఆగింది. పొద్దున వెళ్ళినవన్నీ తిరిగొచ్చాయి. వాటితోపాటు తుప్పుపట్టిన ఓడ చుక్కాని చక్రం ఒకటి అదనంగా వచ్చింది.

"ఇదేటండీ?" అంది అక్క.

"జోగులు పాపం ఎక్కడ పెట్టుకుంటాడు? ఆడి ఇల్లు చిన్నది" అన్నాడు బావ.

తరవాత పారేద్దామనుకున్నాం. అక్క తెల్లవారుజామునే లేచి బక్కెట్లూ ఒంటి చెప్పులూ మోసుకెళ్ళి చెత్తబండి ఆగే చోట పెట్టొచ్చింది. మా సందులో వాళ్ళు మంచివాళ్ళు. అదే వచ్చిన చిక్కు. టిఫిన్ల వేళకి ఒక్కొక్కరే తలుపు కొట్టారు. "దీదీ, ఆప్‌కా బాల్టీ గిర్ గయా థా" అని, మీ బక్కెట్టు పడిపోయిందంటూ పక్కింటి రాంచీ ఆవిడ. "దీదీ, యే చప్పల్ భయ్యా కా హై నా?" అని, ఈ చెప్పు అన్నదే కదా అంటూ ఎదురింటి బెంగాలీ అబ్బాయి. మా సందులో ఏ వస్తువుకి పిడి విరిగినా అది దేవకుమార్ భయ్యాదేనని అందరికీ తెలుసు. ఒకాయనైతే వస్తూ వస్తూ తన ఇంట్లో పాడైపోయిన టేబుల్ ఫ్యాను కూడా పట్టుకొచ్చి, "భయ్యా రఖ్ లేతే హై" అని, ఆయనైతే ఉంచుకుంటాడని గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు. మా బావ సంతోషం చూడాలి. రెక్కలు బాగానే ఉన్నాయన్నాడు.

పండగ దగ్గరపడుతోంది, ముందు గది ఇంకా నిండింది. అక్క వంటగదిలో కూర్చుని ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "నాన్సీ, వేలంలో పెట్టీసేద్దుమే" అంది.

మా తెలుగు చర్చిలో కోత పండగ నాడు ప్రతి ఇంటివాళ్ళూ పంటలో మొదటి భాగం తెస్తారు. కొబ్బరికాయలు, పోకలు, గుమ్మడికాయలు, కోళ్ళు. పొలం లేనివాళ్ళు కేకు చేస్తారు. ఏమీ చేతకానివాళ్ళు ఇంట్లో ఉన్నది తెస్తారు. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో వేలం. దేవుని సొమ్ము కాబట్టి ఎవరూ బేరం ఆడరు, పోటీపడి పాడతారు. పాట దక్కినవాడు వస్తువుని ఇంటికి పట్టుకుపోతే కాస్త చిన్నతనం. మళ్ళీ వేలానికే ఇచ్చేయాలి, లేకపోతే అక్కడున్న వాళ్ళలో తన మనసుకి నచ్చినవాళ్ళకి కానుకగా ఇవ్వాలి. ఒకే కోడిపుంజు చేతులు మారీ మారీ, ఎవరి కోడో దానికే తెలియనంత అవుతుంది. దేవుడికిచ్చింది బావ వెనక్కి తీసుకోడు, ఆయనకి భయభక్తులు ఎక్కువ. అక్క ఆలోచన నాకు భలే నచ్చింది.

బావ చేత బైబిలు మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించాం. వేలం జరిగినంతసేపూ నోరు విప్పకూడదు.

పండగ రోజు రెండు ఆటోల్లో సామాను చర్చికి చేరింది. పాస్టరుగారు దాన్ని చూసి, "ఇంత పంట పండిందా దేవకుమార్!" అన్నారు. అచ్చమ్మగారు చిన్నీని వెంటబెట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. బావ నోరు బిగించుకుని ఒక పక్కన నిలబడ్డాడు. వేలం పాడించేది రమణయ్యగారు. ఆయన ఉత్సాహంకొద్దీ మూటలోంచి ఒక స్వెటరు తీసి, వేసుకుని మరీ చూపించాడు. రెండు నిమిషాల్లో చెమటతో తడిసిపోయి, అది తలలోంచి ఊడిరాక, ఆ మిగతా వేలమంతా స్వెటరులోనే పాడించాడు.

మొదటి మూట పాట మొదలైంది. ఎవరూ పాడరనుకున్నాం. వెనక వరసలోంచి ఫెర్రీ నడిపే సరంగు గణేశ్వరరావు పాడాడు. తరవాత జెర్రీకేన్లు, ఇంకో లస్కరు. చుక్కాని చక్రం, ఇంజిను రూములో పనిచేసేవాడు. నాకు అనుమానం వచ్చి బావ వైపు చూశాను. నోరు మూసుకునే ఉన్నాడు. చెయ్యి మాత్రం గాల్లో గుండ్రంగా తిరుగుతోంది. ఫెర్రీని ఒడ్డుకి చేర్చేటప్పుడు తాడు లాగమని చేసే సైగ అది. పాట పెరిగితే అరచెయ్యి కిందికి దించుతాడు. అంటే వదులు. మళ్ళీ తిప్పుతాడు. అంటే లాగు. ఒట్టుకి భంగం రాకుండా ఓడ సిబ్బంది మొత్తాన్ని నడుపుతున్నాడు మహానుభావుడు.

పాట దక్కినవాళ్ళు ఊరుకుంటారా? ఆచారం ప్రకారం ఒక్కొక్కరే లేచి, "ఇది మా దేవకుమార్ అన్నకి ప్రేమతో" అని ప్రకటించి తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టారు. పాస్టరుగారు ప్రతి దానికీ "ఆమెన్" అన్నారు. మూట మీద మూట, దాని మీద గంట, దాని మీద టేబుల్ ఫ్యాను. కాసేపటికి గుట్ట వెనక మా బావ తల మాత్రం కనిపిస్తోంది.

"వదినగారూ, మీ ఇల్లు ఇక్కడికే వచ్చీసింది" అంది అచ్చమ్మగారు.

జనం పగలబడి నవ్వారు. అక్క నవ్వలేదు. దాని కళ్ళనిండా నీళ్ళు. నేను లేచి బావ మీద అరుద్దామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే రమణయ్యగారు ఆఖరి వస్తువు ఎత్తాడు. అది గోనెసంచి. మూతి విప్పి బల్ల మీద కుమ్మరిస్తే, మగ్గులు. ఎరుపు, నీలం, పసుపు, ఒకదాని మీద ఒకటి దొర్లుతూ. అన్నిటికంటే అడుగున రంగు వెలిసిన ఆకుపచ్చది. ఆటో ఎక్కించే తొందరలో అక్క మంచం కింద ఉన్నదంతా లాగేసింది, అందులో ఇదీ వచ్చేసింది.

"ఆపండి!" బావ ఒట్టు గంగలో కలిసింది. గుట్టని తోసుకుని, టేబుల్ ఫ్యాను తీగ కాలికి చుట్టుకుని, దాన్ని ఈడ్చుకుంటూ పరుగెత్తాడు. "ఇవి వేలానికి కాదు. ఇవి నావి. ఇవి ఇవ్వను!" అంటూ మగ్గుల మీద రెండు చేతులూ చాపి పడుకున్నంత పని చేశాడు. జనం ఇంకా నవ్వుతున్నారు. నాకు నవ్వు ఆగిపోయింది. క్యాంపులో చూసిన ముఖమే అది.

చిన్నీ లేచింది. పొట్టకి చెయ్యి అడ్డం పెట్టుకుని, మెల్లగా నడిచి, బల్ల దగ్గరికి వచ్చింది.

"నాన్నా."

"నీకు తెల్దు చిన్నీ. రేపు ఏదైనా వస్తే, ఒక్క మగ్గు లేకపోతే..."

"నాన్నా, నాకు ఆ దాహం గుర్తే లేదు. నువ్వు నీళ్ళు తెచ్చింది గుర్తుంది. ఆకుపచ్చ మగ్గు గుర్తుంది. దాహం ఎప్పుడో తీరిపోయింది నాన్నా."

బావ కూతురి ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయాడు. దాహం నిజంగా తీరిందో లేదో ఇప్పుడే తేల్చుకోవాలన్నట్టు చూశాడు. నేను ఏడ్చాను. అచ్చమ్మగారు కూడా ఏడ్చింది, ఆవిడ ఏడుపు కూడా భారీగానే ఉంది.

తరవాత ఆయన మెల్లగా చేతులు తీశాడు. ఎర్ర మగ్గు ఒకటి తీసి రమణయ్యగారి చేతిలో పెట్టాడు. "తాగండి బాబూ, స్వెటరులో ఉడికిపోతన్నారు" అన్నాడు. నీలంది సరంగుకి. పసుపుది పాస్టరుగారికి. పండగ భోజనాలకి వరసలో నిలబడ్డ ప్రతివాళ్ళకీ ఒక మగ్గు. చిల్లులున్నవి ముందే చెప్పి ఇచ్చాడు, "దీంట్లో తొందరగా తాగీయాలి" అని. తన కాళ్ళ దగ్గర గుట్టపోసిన కానుకల్ని కూడా ఎవరివి వాళ్ళని పట్టుకెళ్ళమన్నాడు. ఫెర్రీవాళ్ళు నమ్మలేక ఆయన చేతివైపు చూశారు. ఈసారి అరచెయ్యి కిందికి దించే ఉంచాడు. ఆ స్వెటర్లు సండే స్కూలువాళ్ళు తీసుకున్నారు. ఆ ఏడాది క్రిస్మస్ నాటకంలో గొర్రెలన్నీ ఉన్నితోనే ఉన్నాయి, చెమటకి ఒకటి సొమ్మసిల్లింది కూడా.

చివరికి బల్ల మీద ఆకుపచ్చ మగ్గు ఒక్కటే మిగిలింది. బావ దాన్ని కడిగి, నీళ్ళు నింపి, కూతురి దగ్గరికి తెచ్చాడు.

"దాహం లేదన్నాను కదా నాన్నా."

"తెలుసమ్మా. అయినా కొంచెం తాగు."

చిన్నీ మగ్గు అందుకుని, ఆయన్నే చూస్తూ, అడుగు కనిపించేదాకా తాగింది. తాగి, మగ్గు తిరగేసి చూపించింది.

అచ్చమ్మగారు కళ్ళు తుడుచుకుని లేచింది. "పిల్లని ఇక్కడే ఉంచీసి ఎల్తన్నాను. మంచం సరే, ఉయ్యాల ఎక్కడ కడతారు అన్నయ్యగారూ?"

"ముందు గదిలో, నడిమధ్య" అన్నాడు బావ. అని, అక్క వైపు భయంభయంగా చూశాడు. "తాడు మాత్రం నా దగ్గరుంది."

"సరే" అంది అక్క. "అదొక్కటీ ఉంచండి."